కారులో సరిహద్దు దాటి హిమాలయాలకు: ముక్తినాథ్, భూటాన్, ఇలాం దారుల్లో మీకు తగినది ఏది?

తెలుగు రాష్ట్రాల నుంచి బయలుదేరి, రోడ్డు మీదనే సరిహద్దు దాటి, పొరుగు దేశపు కొండల్లో కొన్ని రోజులు తిరిగి రావాలనుకునే కుటుంబానికి ఆచరణలో సాధ్యమయ్యే దేశాలు నేపాల్, భూటాన్ రెండే. రెండింటికీ భారత పౌరులకు వీసా అవసరం లేదు. రెండు చోట్లా బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, మన డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది, మన నంబరు ప్లేటున్న సొంత కారును తాత్కాలిక అనుమతితో లోపలికి తీసుకువెళ్లవచ్చు. ఇన్ని పోలికలున్నా ఈ రెండు ప్రయాణాల తీరు పూర్తిగా వేరు. ఒకదాని లెక్కలు మనసులో పెట్టుకొని రెండోదానికి బయలుదేరితే డబ్బు దగ్గరో, రోడ్డు దగ్గరో, సెలవుల దగ్గరో చిక్కు తప్పదు.

ఇక్కడ మూడు దారులను పోల్చి చూస్తున్నాను. మొదటిది పశ్చిమ నేపాల్ దారి: గోరఖ్‌పూర్ దాటాక సునౌలి దగ్గర సరిహద్దు, అక్కడి నుంచి బుట్వల్, తాన్‌సేన్ మీదుగా పోఖరా, ఆపైన కాళీగండకి లోయ వెంట ముక్తినాథ్. రెండోది భూటాన్ దారి: సిలిగురి నుంచి జైగావ్, దాన్ని ఆనుకునే ఉన్న ఫుంట్‌షోలింగ్, తరువాత పారో, థింఫూ, పునాఖా, వీలైతే ఫోబ్జిఖా లోయ. మూడోది మనవాళ్లలో చాలామంది ఆలోచనకు రాని చిన్న దారి: సిలిగురి పక్కనున్న పానీటంకి దగ్గర మేచీ నది వంతెన దాటి, కాకర్‌భిట్టా మీదుగా తూర్పు నేపాల్‌లోని కన్యామ్, ఇలాం టీ తోటల వరకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబం మొదటిసారి వెళ్తుంటే, ఖర్చు భరించగలిగితే, భూటాన్ వెళ్లడం మంచిది. ముక్తినాథ స్వామి దర్శనమే ఉద్దేశమైతే, లేదా ఎగుడుదిగుడు కొండదారిలో రోజంతా కూర్చోవడం కష్టంగా అనిపించని వారైతే, పశ్చిమ నేపాల్‌కు సాటి వచ్చేది లేదు. చేతిలో నాలుగైదు రోజులకు మించి లేకపోతే ఇలాం చాలు. ఫొటోలు చూసి నిర్ణయించుకుంటే మూడూ ఒకేలా మనసు లాగుతాయి కాబట్టి, ఒక్కో దారిలో అన్నిటికంటే కష్టమైన రోజు ఎలా గడుస్తుందో తెలుసుకొని, ఆ రోజును మీ బండిలో కూర్చునే ప్రతి ఒక్కరూ తట్టుకోగలరా అని ఆలోచించి ఎంచుకోవాలని నా సలహా.

రోడ్ల తీరు

కొండల్లో దూరాన్ని కిలోమీటర్లతో కొలిస్తే లెక్క తప్పుతుంది. పోఖరా నుంచి ముక్తినాథ్‌కు సుమారు 180 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వైపు వెళ్లే రహదారిలో అది మూడు గంటల లోపు పని. అక్కడ జీపులో ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది, వాన పడితే ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. బేని వరకు ప్రయాణం మామూలుగానే సాగుతుంది. వేడినీటి ఊటలున్న తాతోపాని దాటి ఘాసా వరకు ఉన్న భాగమే అసలు పరీక్ష. ఒక పక్క కొండను తొలిచిన రాతి గోడ, మరో పక్క ఎక్కడో లోతున కాళీగండకి, మధ్యలో కొన్ని చోట్ల ఒక్క బండి పట్టేంత వెడల్పున్న దారి. కొండ మీది నుంచి జారిన నీరు రోడ్డు మీదుగానే పారి కింది లోయలోకి పోతుంది, ఆ నీటి కింద ఎంత గుంట ఉందో ముందు వెళ్లే బండి చక్రం మునిగేదాకా తెలియదు. ఎదురుగా బస్సు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి నడిపి, కాస్త వెడల్పున్న చోట కొండ వైపు ఒదిగి దారి ఇవ్వాలి. ఎత్తు తక్కువున్న హ్యాచ్‌బ్యాక్, సెడాన్ కార్ల అడుగు భాగం రాళ్లకు తగులుతూనే ఉంటుంది.

ఘాసా దాటాక లోయ విప్పారుతుంది. ఒక వైపు 8,167 మీటర్ల ధౌలగిరి, మరో వైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ, రెండింటి నడుమ నది, దాని వెడల్పాటి గులకరాళ్ల పరుపు. పచ్చదనం తగ్గి కొండలు ఎర్రమట్టి, బూడిద రంగులకు మారతాయి. సున్నం వేసిన రాతి ఇళ్లు, ఆపిల్ తోటలు ఉన్న మార్ఫా గ్రామంలో ఒక రాత్రి ఉండడం ఈ ప్రయాణంలో తప్పక చేయవలసిన పని అని నేను గట్టిగా చెబుతాను. అక్కడి నుంచి జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్ దగ్గరే. అయితే ఈ లోయలో పొద్దెక్కిన తరువాత దక్షిణం నుంచి గాలి మొదలై, మధ్యాహ్నానికి కాగ్‌బేని దగ్గర ఇసుక కళ్లలో కొట్టేంత బలంగా వీస్తుంది. జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలు ఉదయం పూట మాత్రమే నడవడానికి కారణం ఇదే. కాబట్టి దర్శనానికైనా, నది ఒడ్డున నడకకైనా పొద్దున్నే బయలుదేరాలి.

ఇక కింది భాగం. సునౌలి నుంచి పోఖరాకు సిద్ధార్థ రాజమార్గం మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. బుట్వల్ ఊరు దాటగానే వచ్చే సిద్ధబాబా ప్రాంతంలో కొండ మీది నుంచి రాళ్లు పడే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ ఆగి ఫొటోలు తీసుకోవడం వంటివి చేయకూడదు. దారి మధ్యలో కొండ మీద ఉన్న తాన్‌సేన్ నేవార్లు (నేపాల్‌లోని ఒక పాత వర్తక జాతి) కట్టుకున్న పాత బజారు ఊరు; సరిహద్దు పనులు ముగిసే సరికి మధ్యాహ్నం అవుతుంది కనుక మొదటి రాత్రి అక్కడ ఉంటే తొందర ఉండదు. కొందరు నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మీదుగా పోఖరా చేరతారు. ఆ దారిలోనే 2024 జులై 12న సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు ప్రయాణికుల బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. వానాకాలంలో ఆ దారిలో ప్రయాణం పెట్టుకోకూడదని, ఏ కాలంలోనైనా చీకటి పడ్డాక ఏ కొండదారిలోనూ నడపకూడదని ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

తెలుగువారిలో చాలామందికి ఘాట్ రోడ్డు నడిపిన ధైర్యం తిరుమల కొండ మీద వచ్చినదే. కానీ అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. మలుపు తిరిగేటప్పుడు ఎదురు బండి ఉండదు. అరకు దారి నడిపినవారు హిమాలయాలకు కొంత దగ్గరగా ఉన్నట్టే, అయినా అక్కడి లోతు, అక్కడి లారీలు వేరు. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వడం, కనబడని మలుపు ముందు హారన్ కొట్టడం, దిగేటప్పుడు బ్రేకు మీద కాక రెండో గేరు మీద ఆధారపడడం అలవాటు లేనివారు అక్కడ నేర్చుకుందామని అనుకోవద్దు.

భూటాన్ రోడ్లు వీటితో పోల్చితే ఎంతో నయం. ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూకు వెళ్లే రహదారిని మన సరిహద్దు రహదారుల సంస్థకు చెందిన దంతక్ ప్రాజెక్టు నిర్మించింది. ఆ ప్రాజెక్టు 1961లో మొదలైంది. తారు రోడ్డు, వెడల్పు చాలినంత ఉంటుంది. దాదాపు 150 కిలోమీటర్లకు ఐదారు గంటలు పెట్టుకోవాలి. సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉన్న మైదానం అంచు నుంచి ఒక్కసారిగా పైకి ఎక్కుతారు. గెడు ప్రాంతంలో మంచు పొగ కమ్మి, పది మీటర్ల ముందున్న బండి వెనక దీపాలు తప్ప ఏమీ కనబడని వేళలు ఉంటాయి. పారో, థింఫూ నదులు కలిసే చుజోమ్ దగ్గర భూటాన్, టిబెట్, నేపాల్ శైలుల్లో కట్టిన మూడు చోర్టెన్లు (బౌద్ధ స్తూపాలు) ఉన్నాయి. పారోకు, థింఫూకు, హా లోయకు దారులు విడిపోయేది అక్కడే.

థింఫూ నుంచి పునాఖాకు వెళ్తూ సుమారు 3,100 మీటర్ల ఎత్తున్న దోచులా కనుమ దాటాలి. కనుమ మీద 108 చోర్టెన్లు వరుసలు కట్టి ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయం వాటి వెనక మంచు శిఖరాల వరుస కనిపిస్తుంది. అక్కడి నుంచి పునాఖా దాదాపు 1,850 మీటర్లు కిందికి. ఈ దిగుడులోనే కొత్తవారు బ్రేకులు వేడెక్కించుకుంటారు. బండిలోకి కాలిన వాసన వస్తే వెంటనే పక్కకు ఆపి, అరగంట చల్లారనివ్వాలి. చక్రం మీద నీళ్లు పోయకూడదు. పారో, హా లోయల మధ్య ఉన్న చేలెలా కనుమ 3,988 మీటర్లు. అక్కడికి పారో నుంచి పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు కనుక, ఎక్కువ ఎత్తులో రాత్రి గడపకుండానే ఆ ఎత్తు చూసిన అనుభవం దక్కుతుంది.

ఇలాం దారి గురించి చెప్పవలసింది తక్కువ. కాకర్‌భిట్టా నుంచి చారాలి వరకు మైదానం, అక్కడి నుంచి మేచీ రాజమార్గం మీద ఎక్కుడు, రెండు మూడు గంటల్లో కన్యామ్ టీ తోటలు. తారు రోడ్డు, మలుపులు ఎక్కువ. శ్రీ అంతు కొండ మీద సూర్యోదయం, ఆకాశం తేటగా ఉంటే కాంచన్‌జంగ. పెద్ద సాహసం కాదు, పెద్ద ఖర్చూ కాదు.

సరిహద్దు దగ్గర కాగితాలు, డబ్బు

నేపాల్‌లోకి సొంత కారు తీసుకువెళ్లడానికి సరిహద్దులోని కస్టమ్స్ కార్యాలయంలో భన్సార్ చీటీ తీసుకోవాలి. ఆర్సీ, లైసెన్సు, బీమా, కాలుష్య పరీక్ష పత్రం, ఓటరు కార్డు లేదా పాస్‌పోర్టు అసలువి, వాటి నకళ్లు దగ్గర ఉంచుకోవాలి. కారు మీ పేరు మీద లేకపోతే యజమాని ఇచ్చిన అనుమతి పత్రం నోటరీ చేయించి తీసుకువెళ్లడం మేలు. రుసుము రోజుల లెక్కన, కారుకు రోజుకు కొన్ని వందల నేపాలీ రూపాయలు. ఎన్ని రోజులు ఉండదలచారో దానికి ఒకటి రెండు రోజులు కలిపి కట్టండి. కొండచరియ పడి దారి మూసుకుపోతే చీటీ గడువు దాటిపోయి జరిమానా కట్టవలసి వస్తుంది. ఒక భారతీయ ప్రైవేటు వాహనానికి సంవత్సరంలో మొత్తం 30 రోజులే పరిమితి. కార్యాలయం చుట్టూ పని చేయించి పెడతామని తిరిగే వారి అవసరం లేదు. నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్తే పని అవుతుంది, రుసుముకు రసీదు అడిగి తీసుకోండి. ముక్తినాథ్ దారి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం గుండా పోతుంది కాబట్టి దానికి వేరే అనుమతి ఉంది; పోఖరాలో తీసుకోవచ్చు, సార్క్ దేశాల వారికి రుసుము తక్కువ. కాగ్‌బేని దాటి ఉత్తరాన ఉన్న ఎగువ ముస్తాంగ్ ప్రత్యేక అనుమతి కావలసిన ప్రాంతం, దీనితో కలపవద్దు.

భూటాన్ పద్ధతి వేరు. అక్కడ పర్యాటకుడి మీద రాత్రికి ఇంత అని సుస్థిర అభివృద్ధి రుసుము ఉంది. 2022 సెప్టెంబరు 23 నుంచి భారతీయులకు ఒక్కొక్కరికి రాత్రికి 1,200 రూపాయలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సగం, అంతకంటే చిన్నవారికి లేదు. తల్లిదండ్రులు, పదేళ్ల లోపు ఇద్దరు బడి పిల్లలు ఆరు రాత్రులు ఉంటే రుసుమే 21,600 రూపాయలు అవుతుంది. హోటలు, భోజనం, బండి అన్నీ దీనికి అదనం. మన నంబరు ప్లేటు కారును లోపలికి తీసుకువెళ్తే దానికీ రోజువారీ రుసుము ఉంది, అది నేపాల్ భన్సార్‌లా వందల్లో కాక వేలల్లో ఉంటుంది. గైడు విషయంలో నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి వెళ్లే నెలలో ఏది అమల్లో ఉందో భూటాన్ పర్యాటక శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి, లేదా ఓటరు కార్డు. పిల్లలకు పాస్‌పోర్టు లేకపోతే జనన ధ్రువపత్రం. ఆధార్ కార్డును నమ్ముకొని ఏ సరిహద్దుకూ వెళ్లవద్దు.

ఇక్కడ తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన కొడుకు, కోడలు, మనవలతో కలిసి ఈ ప్రయాణం పెట్టుకునే ఇళ్లు మనలో ఎన్నో. వారి దగ్గర అమెరికా పాస్‌పోర్టు ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, భూటాన్ వారిని విదేశీయులుగానే లెక్కిస్తుంది: వీసా కావాలి, రుసుము పెద్దలకు రాత్రికి 100 డాలర్లు. ఈ ధర 2027 ఆగస్టు వరకు అమల్లో ఉండేలా నిర్ణయించారు. ఇద్దరు పెద్దలకు ఆరు రాత్రులకు 1,200 డాలర్లు, అంటే లక్ష రూపాయలకు పైనే. నేపాల్‌లో అయితే అదే పాస్‌పోర్టుకు సరిహద్దులోనే వీసా ఇస్తారు, పదిహేను రోజులకు 30 డాలర్లు. కుటుంబంలో ఇలాంటి పాస్‌పోర్టులు రెండుకు మించి ఉంటే నేను నేపాల్ వైపే మొగ్గుతాను. వారు భారత్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఓసీఐ కార్డు, లేదా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశం ఉన్న వీసా చేతిలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

బీమా గురించి ఎవరూ అడగరు, కానీ అడిగి తీరాలి. మన మోటారు బీమా పాలసీ మామూలుగా భారత భూభాగానికే వర్తిస్తుంది. నేపాల్, భూటాన్‌లకు కూడా వర్తించేలా పరిధి పెంచమని బీమా కంపెనీకి బయలుదేరే ముందే రాస్తే, అదనపు ప్రీమియం తీసుకొని ఎండార్స్‌మెంట్ ఇస్తుంది. అది లేకుండా సరిహద్దు అవతల గుద్దుకుంటే నష్టం మొత్తం మీదే. ఇక నగరాల్లో దొరికే సెల్ఫ్ డ్రైవ్ అద్దె కార్ల ఒప్పందాల్లో దేశం దాటకూడదన్న షరతు సాధారణం, చదవకుండా బయలుదేరవద్దు.

డబ్బు మార్పిడిలో కష్టం లేదు. భూటాన్ ఙుల్ట్రమ్ మన రూపాయితో సమానం, నేపాలీ రూపాయలు మన వందకు 160. భూటాన్‌లో 2021 నుంచి, నేపాల్‌లో 2024 నుంచి యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి కానీ, కొండ మీది ఊళ్లలో నగదే ఆధారం. నేపాల్‌లో పెద్ద భారతీయ నోట్ల నిబంధన పలుమార్లు మారింది. వంద రూపాయల నోట్లు సరిపడా దగ్గర ఉంచుకుంటే ఆ గొడవ ఉండదు.

మన సెలవులకు ఏది కుదురుతుంది

అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు చివరి వరకు మూడు దారులకూ శ్రేష్ఠమైన కాలం. కానీ బడి పిల్లలున్న ఇంట్లో సెలవులు మన చేతిలో ఉండవు కాబట్టి ఒక్కో సెలవును వేరుగా చూడాలి.

దసరా సెలవులు చాలామందికి మొదట గుర్తొస్తాయి. పండుగ అక్టోబరు నడిమికి, ఆ తరువాతకు జరిగిన సంవత్సరాల్లో అవి చక్కగా సరిపోతాయి. సెప్టెంబరు చివరికి వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త. 2024 సెప్టెంబరు చివరి వారంలో నేపాల్‌లో కురిసిన కుండపోత వానకు రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2025లో దసరా అయిన రెండు మూడు రోజులకే ఇలాం జిల్లాలోను, పక్కనే ఉన్న దార్జీలింగ్ కొండల్లోను కొండచరియలు విరిగిపడి పదుల ప్రాణాలు పోయాయి. రుతుపవనాలు వెనక్కి మళ్లాయన్న వార్త వినకుండా కొండ ఎక్కకూడదు. పైగా నేపాలీలకు అదే దశైం, వారి అతిపెద్ద పండుగ. అందరూ సొంత ఊళ్లకు వెళ్తారు, బస్సులు కిక్కిరుస్తాయి, కార్యాలయాలు రోజుల తరబడి మూసి ఉంటాయి. అనుమతి పత్రాల పని ఆ రోజుల్లో పడకుండా చూసుకోవాలి.

సంక్రాంతి సెలవులకు భూటాన్ నయం. ఆకాశం తేటగా ఉంటుంది, పునాఖా సుమారు 1,250 మీటర్ల ఎత్తులోనే ఉండడం వల్ల పగలు హాయిగా ఉంటుంది, ఫోబ్జిఖాలో టిబెట్ నుంచి దిగివచ్చిన నల్లమెడ కొంగలు ఇంకా అక్కడే ఉంటాయి. చేలెలా మీద రోడ్డుపై పలుచని మంచు పొర కంటికి కనబడదు కాబట్టి దాన్ని స్థానిక డ్రైవరుకు వదిలేయాలి. అదే జనవరిలో గోరఖ్‌పూర్, బుట్వల్ మైదానమంతా పొగమంచు కమ్ముకొని ఉంటుంది. హైదరాబాద్ నుంచి సుమారు 1,500 కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లేవారికి హిమాలయాల కంటే ముందు ఉత్తరప్రదేశ్ పొగమంచే పెద్ద ప్రమాదం. ముక్తినాథ్‌లో సున్నా కంటే కిందికి చలి, హిమపాతం పడితే దారి మూత.

వేసవి సెలవుల్లో ఎండ నుంచి తప్పించుకోవడానికి వెళ్లేవారు ఎక్కువ. ఏప్రిల్‌లో నేపాల్ మధ్య కొండల్లో అడవుల మంటల పొగ, ధూళి కలిసి పోఖరా నుంచి శిఖరాలు కనబడని రోజులు ఎన్నో ఉంటాయి. అన్నపూర్ణ చూద్దామని వెళ్లి బూడిద రంగు ఆకాశం చూసి వచ్చేవారి బాధ నిజమైనదే. కానీ ముక్తినాథ్ పర్వతాల వెనక వాననీడ ప్రాంతంలో ఉంది కనుక, అక్కడికి ఎక్కగలిగితే మే నెలలోనూ ఆకాశం తేటగా దొరికే అవకాశం మెరుగు. భూటాన్‌లో పూలు, పచ్చదనం, మధ్యాహ్నపు మబ్బులు. జూన్ మొదటి వారం దాటితే ఎటూ వద్దు.

సొంత కారా, అక్కడి బండా

ఈ ప్రశ్నకు నా సమాధానం కొందరికి నచ్చకపోవచ్చు: రెండు వారాల సెలవు లేకపోతే సొంత కారు వద్దు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి చేరడానికే మూడు రోజులు, తిరిగి రావడానికి మూడు రోజులు. విశాఖ వైపు నుంచి వెళ్లేవారికి భువనేశ్వర్, కోల్‌కతా, మాల్దా మీదుగా సిలిగురి దాదాపు అంతే దూరం. అందువల్ల సొంత కారులోనే వెళ్లి తీరాలనుకునే తెలంగాణ వారికి సునౌలి, ఉత్తరాంధ్ర వారికి సిలిగురి సహజమైన ద్వారాలు. దారిలో కాశీ, ప్రయాగ ఎలాగూ చూడాలనుకునే కుటుంబానికి ఆ మూడు రోజులు వృథా కావన్నది కూడా నిజమే.

మిగిలినవారు హైదరాబాద్ నుంచి విమానంలో బాగ్‌డోగ్రాకో, గోరఖ్‌పూర్‌కో చేరి, లేదా రైలులో న్యూ జల్‌పాయిగురి, హాసీమారా వరకు వెళ్లి, సరిహద్దు దాటాక స్థానిక బండి మాట్లాడుకోవడం ఉత్తమం. భూటాన్‌లో స్థానిక బండి తీసుకుంటే కారు రుసుము కూడా మిగులుతుంది. సొంత కారులో పోఖరా చేరినవారు సైతం దాన్ని హోటలు ఆవరణలో ఉంచి, ముక్తినాథ్‌కు అక్కడి జీపు, అక్కడి డ్రైవరుతో వెళ్లాలి. ఆ దారిలో ఏ మలుపు దగ్గర నిన్న రాళ్లు పడ్డాయో, ఏ వాగు మధ్యాహ్నానికి పొంగుతుందో ఆయనకు తెలుస్తుంది. బండి నడిపే ఆనందం కావాలంటే సునౌలి నుంచి తాన్‌సేన్ మీదుగా పోఖరా వరకు, భూటాన్‌లో అయితే పునాఖా దిగుడు వరకు కావలసినంత ఉంది.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి

ముక్తినాథ్ వైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం. అందుకే బద్రీనాథ్ చూసిన తెలుగు పెద్దలు తరువాత దీని పేరే చెబుతారు. కోరిక గొప్పదే, అయితే పోఖరా ఎత్తు సుమారు 800 మీటర్లు, ముక్తినాథ్ సుమారు 3,700. ఒక్క రోజులో అంత ఎత్తు ఎక్కిస్తే ఆరోగ్యవంతులకే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వస్తాయి. మార్ఫాలోనో, జోమ్‌సోమ్‌లోనో ఒక రాత్రి ఆపి, మర్నాడు పొద్దున దర్శనం చేయించి, అదే రోజు కిందికి తీసుకురావాలి. బండి దిగిన చోటు నుంచి ఆలయానికి మెట్లు, చడావు ఉన్నాయి. గుర్రాలు, డోలీలు దొరుకుతాయి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు వైద్యుడిని అడగకుండా బయలుదేరకూడదు. రోడ్డు మీది కుదుపులు పడని వారికి పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు ఇరవై నిమిషాల విమానం ఉంది. గాలికి అది రద్దయ్యే రోజులు ఉంటాయి కాబట్టి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి.

భూటాన్‌లో పారో, థింఫూ రెండూ 2,200 నుంచి 2,400 మీటర్ల మధ్య ఉంటాయి, రాత్రి నిద్రకు ఇబ్బంది ఉండదు. పారో దగ్గర కొండ అంచున ఉన్న తక్త్‌సంగ్ బౌద్ధ మఠానికి మాత్రం రోడ్డు లేదు. సుమారు 3,100 మీటర్ల వరకు నడిచే ఎక్కాలి, రానుపోను ఐదారు గంటలు. పెద్దవారిని సగం దారిలో ఉన్న ఫలహారశాల దగ్గర కూర్చోబెట్టినా మఠం ఎదురుగా కనబడుతుంది. జోంగ్‌లలోకి (కోటలాంటి బౌద్ధ మఠాలు) వెళ్లేటప్పుడు చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

తిండి విషయంలో నేపాల్ మనకు దగ్గర. అన్నం, పప్పు, కూర, ఊరగాయతో థకాలీ భోజనం దారి పొడవునా దొరుకుతుంది, అన్నం మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. భూటాన్‌లో మిరపకాయలే కూరగా, జున్నుతో వండే ఎమా దత్శీ మనవారికి కారంలో నచ్చుతుంది, కానీ శాకాహారులు రెండో రోజుకే పప్పన్నం వెతుక్కుంటారు. పచ్చడి సీసా, పొడులు వెంట ఉంటే మంచిది.

రోజుల లెక్క

భూటాన్‌కు బాగ్‌డోగ్రా నుంచి బాగ్‌డోగ్రాకు ఎనిమిది రోజులు పెట్టుకోండి. మొదటి రాత్రి సరిహద్దు ఊళ్లో ఉండి మర్నాడు పొద్దున్నే ఎక్కాలి. థింఫూ రెండు రాత్రులు, పునాఖా ఒకటి, ఫోబ్జిఖా లేదా మళ్లీ పునాఖా ఒకటి, పారో రెండు, చివరి రోజు కిందికి. ఆరు రోజులే ఉంటే ఫోబ్జిఖాను, పునాఖాలో ఒక రాత్రిని వదలండి, చేలెలాను మాత్రం వదలవద్దు. నేపాల్‌కు గోరఖ్‌పూర్ నుంచి లెక్కిస్తే తొమ్మిది రోజులు: తాన్‌సేన్, పోఖరాలో రెండు రాత్రులు, మార్ఫా, దర్శనం తరువాత మళ్లీ మార్ఫా, తిరిగి పోఖరా, ఒక ఖాళీ రోజు, చివరన సునౌలి అవతలి నేపాల్ ఊరు భైరహవా పక్కనే ఉన్న లుంబిని. ఆ ఖాళీ రోజును ఏ కారణంతోనూ తీసేయవద్దు. దారి మూసుకుపోతే అదే మిమ్మల్ని కాపాడుతుంది, మూసుకుపోకపోతే పోఖరా ఫేవా సరస్సు ఒడ్డున గడుస్తుంది. ఇలాం అయితే సిలిగురి నుంచి మూడు రోజులు చాలు. సిలిగురి నుంచి జైగావ్ సుమారు 160 కిలోమీటర్లు, పానీటంకి ముప్పై పైచిలుకు మాత్రమే కాబట్టి, పన్నెండు రోజులు దొరికిన వారు భూటాన్ నుంచి దిగివచ్చి ఇలాం కూడా చూసి వెళ్లవచ్చు.

గడియారం నేపాల్‌లో మనకంటే పావుగంట, భూటాన్‌లో అరగంట ముందుంటుంది. సరిహద్దు కార్యాలయాల వేళలు, తిరుగు విమానం వేళ లెక్కించేటప్పుడు ఇది గుర్తుండాలి. నేపాల్ నుంచి బయటికి వచ్చేటప్పుడు భన్సార్ చీటీని అదే సరిహద్దు కౌంటరులో చూపించి, కారు వెనక్కి వెళ్లినట్టు నమోదు చేయించుకోండి. ఆ నమోదు లేకపోతే మళ్లీ ఎప్పుడైనా అదే కారుతో వెళ్లినప్పుడు పాత లెక్క తేలేదాకా కొత్త చీటీకి ఇబ్బంది పడవలసి రావచ్చు.